వారాల పేర్లు

నాకు కోపం ఎక్కువని బచేలి క్వార్టర్స్‌ మొత్తానికి తెలుసు. కానీ ఆ మధ్యాహ్నం నాకు కోపం కాదు, భయం. మూడింటికి జగదల్‌పూర్ నుంచి విచారణ ఆఫీసరు వస్తాడు. నేను సంతకం పెట్టిన రిపోర్టు ఆయన చేతికిస్తారు. అది చదివాక గేటు దగ్గర పనిచేసే బుధ్రాని పోలీసులకి అప్పగిస్తారు.

నా పేరు చిన్నమ్మి. కొండ మీద ఇనుప గనిలో తవ్వకం కాంట్రాక్టు తీసుకున్న ఒక ప్రైవేటు కంపెనీలో సర్వర్ చూసుకునేదాన్ని. మా నాన్న విజయనగరం నుంచి వచ్చి ఇక్కడ డంపర్ నడిపాడు. నేను పుట్టిందీ, పెరిగిందీ, హిందీలో తిట్టడం నేర్చుకుందీ అంతా ఇక్కడే.

సంగతేమిటంటే, ముందు రోజు రెండు గంటలకి గనిలో బ్లాస్టింగ్. దానికి ముందు గంట కొడతారు, అందరూ కార్డు చూపించి బయటికొచ్చేస్తారు. గంట కొట్టాక కార్డు మిషను పనిచెయ్యదు. అప్పుడెవరైనా మళ్లీ లోపలికెళ్తే గేటు దగ్గరున్న మనిషి చేత్తో కంప్యూటర్లో ఎక్కించాలి. రెండో గేటులో ఆ మనిషి బుధ్రా. పేల్చే ముందు కంట్రోల్ రూమ్ తెర లోపల ఎవరూ లేరని చూపించింది. సైరన్ మోగింది, పేల్చారు. తీరా చూస్తే లచ్చు అనే డ్రిల్లు హెల్పరు లోపలే ఉన్నాడు. రాయి పడి కాలు నుజ్జయిపోయింది.

బుధ్రాది ఒకటే మాట. "లచ్చు వైరు మరిచిపోయానని వెనక్కెళ్లాడు. నేను ఎక్కించాను."

ఎక్కించాడో లేదో చెప్పాల్సింది నేను. ఎవరి లాగిన్, ఏ గేటు, ఏ నిమిషం, ఏం మార్చారు అన్నీ సర్వర్ తనే ఒక ఫైల్లో రాసుకుంటుంది. దాన్ని ట్రేస్ అంటాం. రోజుకి లక్ష వరసలుంటాయి, కూర్చుని చదివితే కళ్లు ఊడిపోతాయి. అందుకే రెండేళ్ల కిందట ఒక స్క్రిప్టు రాసుకున్నాను. నల్ల తెర మీద దాని పేరు కొట్టి ఎంటర్ నొక్కితే చెత్తంతా తీసేసి పనికొచ్చే వరసలు ఇస్తుంది. పొద్దున్న దానికి బుధ్రా పేరిచ్చి నడిపాను. బుధ్రా పేరు మీద వచ్చినవి సున్నా. 'ఎక్కించినట్టు ఆధారం లేదు' అని రాసి సంతకం పెట్టేశాను.

పెట్టేశానే గానీ మనసొప్పలేదు. బుధ్రా అబద్ధాల మనిషి కాదు. మళ్లీ నడిపాను, మళ్లీ సున్నా. ఆరుసార్లు నడిపాను.

"రిపోర్టు ఇచ్చేశావు కదమ్మా, ఇంకా ఏటి వెతుకుతున్నావు?" అన్నారు మా సెక్షను పెద్ద సత్యమూర్తి గారు.

"ఏటో తెలిస్తే వెతకను కదండీ!" అని కసిరేసి మంచినీళ్లకని వరండాలోకి వచ్చాను.

అక్కడ బుధ్రా పెళ్లాం గంగే కూర్చునుంది, పొద్దుట్నుంచీ. ఒళ్లో పాప. నన్ను చూసి లేచి నిలబడింది.

"ఆయన పేరు దొరికిందా, దీదీ?"

ఏదో ఒకటి అనాలి కదా అని, "పాప పేరేంటి?" అని అడిగాను.

"మంగ్లీ. మంగళవారం పుట్టింది," అంది. తెలిసిన సంగతేగా అన్నట్టు ఇంకో మాట కూడా చెప్పింది. "వాళ్ల నాన్న బుధవారం."

గ్లాసు అక్కడే పెట్టేసి లోపలికి పరిగెత్తాను. చచ్చానురా దేవుడా!

సర్వర్ రోజూ ఒక బ్యాకప్ తీస్తుంది. నాకు ముందు పనిచేసిన జగదల్‌పూర్ ఆయన వాటికి వారాల పేర్లు పెట్టాడు. ఆ బ్యాకప్ వరసలు ట్రేస్ నిండా చెత్తలా ఉంటాయి. వాటిని పారెయ్యడానికి నా స్క్రిప్టులో 'గ్రెప్ మైనస్ వి' అని పెట్టాను. అంటే ఈ అక్షరాలున్న వరస ఏదైనా సరే తీసెయ్ అని. బుధ్ అని ఉంటే తీసెయ్. బుధ్రాలో బుధ్ లేదూ? ముప్పై ఏళ్లుగా ఇక్కడ బతుకుతూ, పుట్టిన వారమే పేరుగా పెట్టుకునే మనుషుల మధ్య తిరుగుతూ, నా బుద్ధి గడ్డి తింది.

రెండూ నలభై. కంగారులో 'బుధ్రా' అని రెండుసార్లు తప్పు కొట్టాను. మూడోసారి వడపోత తీసేసి నడిపాను.

ఒకటీ యాభైరెండు. రెండో గేటు. బుధ్రా. లచ్చు, లోపల.

లచ్చు పేరు కూడా కొట్టి చూస్తే దాని కిందే ఇంకోటి. ఒకటీ యాభైఏడు. కంట్రోల్ రూమ్. లచ్చు, బయట.

నాకు ఏడుపొచ్చేసింది. ప్రింటు తీసుకుని విచారణ గదిలోకి తలుపు కూడా కొట్టకుండా వెళ్లాను. బుధ్రా గోడవార బెంచీ మీద, ఇద్దరు పోలీసుల మధ్య కూర్చునున్నాడు. ఆఫీసరు ముందే వచ్చేసి నా రిపోర్టు చదువుతున్నాడు.

"అది తప్పు సార్. నాదే తప్పు. ఇతను ఎక్కించాడు. లచ్చు బయటికొచ్చేశాడని మార్చింది కంట్రోల్ రూమ్‌లో."

ఆయన రెండు వరసలూ చూశాడు. కంట్రోల్ రూమ్ ఇంజనీరుని పిలవమన్నాడు. పోలీసుల్ని కాస్త దూరంగా వెళ్లమన్నాడు. తర్వాత నావైపు తిరిగి, "పొద్దున్న ఎందుకు కనపడలేదు?" అని అడిగాడు.

చెప్పాను. వారాల పేర్లన్నీ పారేశాను సార్, అందులో మనిషి పేరు కూడా పోయింది అన్నాను. ఏమేం పేర్లు, రాసుకుంటాను చెప్పమన్నాడు.

"సోమ్, మంగళ్, బుధ్, గురు, శుక్ర్, శని..."

ఇక్కడి వాళ్ల నోట్లో ఆదివారం అంటే ఆయత్ వారం. ఆ మాట దగ్గర ఆగిపోయాను. కిందటేడు వానల్లో మొదటి గేటు నుంచి ఆయతి అనే మనిషిని తీసేశారు. గంట కొట్టాక లోపలికెళ్లిన లారీ డ్రైవరుని ఎక్కించలేదని. ఎక్కించానని ఆమె అంది. లేదని రిపోర్టు రాసింది నేను.

"ఏడోది?" అన్నాడు ఆఫీసరు.

"ఆయత్," అన్నాను. నా వెనకే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డ సత్యమూర్తి గారు తల దించుకున్నారు.

గదిలోంచి వచ్చి పాత ట్రేస్ తీశాను. వెతకడానికి నిమిషం పట్టలేదు. మొదటి గేటు, ఆయతి, డ్రైవరు పేరు, లోపల. టైము కూడా సరిగ్గా ఆమె చెప్పినదే. ఆ వరసా ప్రింటు తీశాను.

వరండాలో బుధ్రా నాకు దణ్ణం పెట్టబోయాడు. "వద్దు బాబూ, వద్దు," అని చేతులు పట్టుకుని ఆపి, ఆయతి ఎక్కడుందో తెలుసా అని అడిగాను.

"మా అక్కే, దీదీ. పామేడు దగ్గర అత్తగారి ఊరికి పోయింది." అన్నాడు. "ఎక్కించానని నెత్తీ నోరూ కొట్టుకుంది. కంప్యూటర్ అబద్ధం చెప్తుందా, నువ్వే మరిచిపోయుంటావని నేనే తిట్టాను. అప్పట్నుంచి నాతో మాట్లాడదు."

ఆయతి వరసున్న కాగితం అతని చేతికిచ్చాను. బుధ్రా దాన్ని వెలుతురుకి పెట్టి వేలితో ఒక్కో అక్షరం చదువుకున్నాడు.

"అక్క అన్నీ సరిగ్గానే రాసింది," అని అక్కడే మెట్ల మీద కూలబడి ఏడ్చాడు.