ఒత్తకుండా పెట్టిన చెయ్యి

గంగామణి మోకాలు వంగడం లేదు. రోజురోజుకీ దారికి రావాల్సింది పోయి రోజురోజుకీ మొండికేస్తోంది. ఈ సంగతి ఆమె మొగుడు రాజేశ్వర్‌కి తెలిసినంతగా బాన్సువాడ మొత్తంలో ఇంకెవరికీ తెలియదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆ కాలికి మాలిష్ చేస్తున్నది తనే కదా మరి. తెలిసినా నోరు విప్పడు.

"ఎట్లుంది?" అని ఆమెనే అడుగుతాడు.

"మంచిగనే ఉన్నది," అంటుంది ఆమె.

"తగ్గుతది. ఇగ రెండు దినాలైతే ఉరుకుతవ్ చూడు," అంటాడు. అనేసి లేచి బావి దగ్గరికి పోయి చేతులు కడుక్కుంటాడు. నిన్నటి కన్నా ఇవాళ కాలు ఇంకా బిగుసుకుందని ఆ చేతులకు ముందే తెలిసిపోయింది.

రాజేశ్వర్ అంటే మామూలు మనిషా? వయసులో ఉన్నప్పుడు పెద్ద పయిల్వాను. జాతర కుస్తీల్లో మహారాష్ట్ర నుంచి దిగిన మొనగాళ్ళను వెల్లకిలా పడేసి వెండి కడెం తొడుక్కున్నవాడు. ఇప్పుడు అరవై దగ్గరపడింది, తొడలు సన్నబడ్డాయి, బనీన్లు వదులయ్యాయి. కాలువ కింద కాస్త వరి చూసుకుంటున్నాడు. చేతుల పేరు మాత్రం చెక్కు చెదరలేదు. మెడ పట్టేసినా, నడుం పట్టేసినా బిచ్కుంద నుంచీ పిట్లం నుంచీ జనం బండ్లేసుకుని వచ్చేస్తారు. ఆ బొటనవేలు దిగిందంటే ఎంతటివాడైనా కెవ్వుమనాల్సిందే. "చేతుల్ల లేనిది గోలీల్ల ఉంటదా?" అనడం ఆయనకు అలవాటు. అనీ అనీ దాన్నే నమ్ముకుని కూర్చున్నాడు, పిచ్చిమారాజు.

అసలు జరిగిందేమిటంటే, నెల కిందట గంగామణి పాలు పిండుతుంటే బర్రె తన్నింది. గిట్ట సరిగ్గా కుడితొడ మధ్యన పడింది. ఆ పూట రాజేశ్వర్ ఇంట్లో లేడు, బిచ్కుందలో కుస్తీలకు పెద్దమనిషిగా పోయి కూర్చున్నాడు. పక్కింట్లో ఉండే ఆయన అక్క లక్ష్మవ్వే ఆటో మాట్లాడి మరదల్ని దవాఖానకు తీసుకుపోయింది. ఎముక విరగలేదని చెప్పి, పక్కసందులో ఫిజియోథెరపీ చేసే సిరీష దగ్గరికి పంపారు. అదీ చూపించుకుని వచ్చారు.

సాయంత్రం రాజేశ్వర్ వచ్చేసరికి తొడ నల్లగా కమిలి, ఉబ్బి ఉంది. చూసీ చూడగానే చొక్కా చేతులు పైకి మడిచాడు.

"జర నూనె కాపియ్యి అక్కా. నేను జూస్త."

"అది గాదు తమ్మీ, ఆ డాక్టరమ్మ ఏమన్నదంటే..." అని లక్ష్మవ్వ మొదలుపెట్టింది.

"చెయ్యనియ్యి వదినె," అంది గంగామణి.

లక్ష్మవ్వ ఆమె మొహంలోకి చూసి ఆగిపోయింది. రాజేశ్వర్ అదేమీ పట్టించుకోలేదు. తన చేతులుండగా డాక్టరమ్మ ఏమంటే ఏం?

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ముప్పై ఏళ్ళ పైబడిన కాపురంలో రాజేశ్వర్ ఏనాడూ పెళ్ళాం కాళ్ళు పట్టలేదు. మొగుడు కాళ్ళు పడితే ఆడదానికి పాపం చుట్టుకుంటుందని వాళ్ళింట్లో ఒక నమ్మకం. నాట్లేసి వంగిన నడుముతో ఆమె ఇల్లు చేరేసరికి అరుగు మీద ఎవడో ఒక పయిల్వాను బోర్లా పడుకుని ఉండేవాడు. వాడి వీపుకు వాము వేసి నూనె కాచి తెచ్చి ఇచ్చింది ఆమే. అట్లా ఊరందరికీ నూనె కాచింది. తన నడుముకు మాత్రం ఆమె గోడకు ఆనుకుని, అటూ ఇటూ రుద్దుకుని ఊరుకునేది.

అందుకే మొదటిరోజు ఇద్దరికీ సిగ్గేసింది. "పాపం తగుల్తదేమో," అంది ఆమె చీర సర్దుకుంటూ.

"పాదం పట్టుకుంటే గదనే పాపం. గిది తొడ," అన్నాడు. ఆమె నవ్వింది.

అప్పటి నుంచి పూట తప్పలేదు. ముందు ఉప్పుమూటతో కాపడం, తర్వాత నూనె, ఆ తర్వాత బొటనవేలు. కొన్నాళ్ళకు వాపు దిగింది గానీ తొడ మధ్యలో ఒక గడ్డ మిగిలింది. రాజేశ్వర్ దాన్ని కరిగిస్తానని పంతం పట్టాడు. అది కరగలేదు. వేలి కింద రోజూ ఇంకాస్త గట్టిపడింది. గట్టిపడేకొద్దీ ఆయన ఇంకా బలంగా ఒత్తాడు. ఒత్తుతున్నంతసేపూ గంగామణి కొంగు పళ్ళ మధ్య పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకునేది.

"నొస్తుందా?"

"లే."

నొప్పి లేకపోతే కొంగెందుకు కొరుకుతోందని అడగొచ్చు కదా. అడగలేదు. అడిగితే వచ్చే జవాబుకు భయపడ్డాడు.

ఒక పొద్దున గంగామణి బియ్యం ఏరడానికి పీట మీద కూర్చోబోయింది. ఎడమకాలు వంగింది. కుడికాలు కర్రలా అట్లాగే నిలబడిపోయింది. ఆమె పక్కకు పడింది, చాటలో బియ్యం వాకిలంతా చెదిరిపోయింది. రాజేశ్వర్ పరుగున వచ్చి చంకల కింద చేతులు పెట్టి లేపబోయాడు. నిండు మనిషిని భుజాన వేసుకుని బరి చుట్టూ తిరిగినవాడు, సగం లేపేసరికి తన మోకాళ్ళే వణికి కిందకి దిగబడ్డాడు. ఇద్దరూ ఆ బియ్యంలో కూర్చుండిపోయారు. లక్ష్మవ్వ వచ్చి చెయ్యి అందిస్తే గానీ లేవలేకపోయారు.

ఆయనకు భయం పట్టుకుంది. ఇక ఈమె లేవదేమో, పొలంలోకి కాదు కదా బయటికి పోవాలన్నా ఇంకొకరి చెయ్యి పట్టుకోవాలేమో, ఆ చెయ్యి పట్టే బలం కూడా తనకు లేదేమో. "డాక్టరమ్మ దగ్గరికి పోదాం పా," అన్నాడు. జీవితంలో మొదటిసారి ఆ మాట ఆయన నోట వచ్చింది. లక్ష్మవ్వ కూడా వెంట బయల్దేరింది.

సిరీషకు ముప్పై దాటి ఉండవు. వాళ్ళ తాతగారు కృష్ణా జిల్లా నుంచి కాలువ నీళ్ళను నమ్ముకుని వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఆమె పుట్టింది ఇక్కడే అయినా మాట మాత్రం ఇంట్లో మాటే. కాలిని మెల్లగా వంచి చూసి, ఎక్స్‌రే తీయించుకు రమ్మంది. తెచ్చాక వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇదిగోండి, ఇది తొడ ఎముక. దీని పక్కన కండలో మబ్బులాగా తెల్లగా ఉంది చూశారా? ఇదీ ఎముకే. ఉండకూడని చోట కడుతోంది." గంగామణి వైపు తిరిగింది. "ఎవరమ్మా రుద్దింది?"

"ఎవల్లేరమ్మా. నేనే జరంత నూనె రాసుకున్న."

"నూనె రాసుకుంటే ఇంత దూరం రాదమ్మా. దెబ్బకే కొందరికి ఇట్లా అవుతుంది, నిజమే. రుద్దితే ఇంకా పెరుగుతుంది. అందుకే కదా మొదటిరోజే అన్ని సార్లు చెప్పాను? రుద్దొద్దు, కాపడం పెట్టొద్దు, ఐసు పెట్టి కాలికి విశ్రాంతి ఇవ్వండి అని. మీ వదినగారి ముందే చెప్పాను."

రాజేశ్వర్ అక్క వైపు చూశాడు. లక్ష్మవ్వ తల వంచుకుంది. పెళ్ళాం వైపు చూశాడు. ఆమె గోడ మీది కేలెండర్ చూస్తోంది.

"నేనే చేసిన," అన్నాడు. "పొద్దుగాల, మాపటికి. నేనే."

సిరీష ఆయన చేతుల వంక చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు, కుర్చీ దగ్గరికి జరుపుకుని చెప్పడం మొదలుపెట్టింది.

"కండ అంతా సన్నటి పోగులండీ. ఆ పోగుల అంచున చిన్న చిన్న కణాలు పడుకుని ఉంటాయి. మూలకణాలంటారు. మామూలప్పుడు వాటికి పని లేదు. దెబ్బ తగిలితే లేచి, ఒకటి పదిగా పెరిగి, తెగిన పోగుల్ని బాగుచేస్తాయి. కొన్ని వెనక్కిపోయి మళ్ళీ పడుకుంటాయి, ఇంకో దెబ్బకి అక్కరకొస్తాయని. అవి పనిలో ఉన్నప్పుడు కదిలించకూడదు. రోజూ రెండు పూటలా పిసికితే అతుకుతున్నది మళ్ళీ చితుకుతుంది, రక్తం గూడు కడుతుంది. అప్పుడు పక్కనుండే వేరే కణాలు దారితప్పి ఎముక కట్టేస్తాయి."

"నాటేసిన మడిల దిగి రోజు తొక్కినట్టు," అన్నాడు రాజేశ్వర్ మెల్లగా.

"అంతేనండీ."

"మా ఈడోల్లకు గవి ఇంకా ఉంటయా అమ్మా?"

"ఉంటాయి. వయసొచ్చేకొద్దీ కొన్ని తగ్గుతాయి, మిగిలినవి ఆలస్యంగా లేస్తాయి. వ్యాయామంతో లేపాలి. అసలు పని చెప్పకపోతే కండ కరిగిపోతుంది."

"కాలు ఒంగుతదా మరి?"

"చాలామందికి కొన్ని నెలల్లో ఆ ఎముక పెరగడం ఆగిపోతుంది. కొంత కరుగుతుంది కూడా. కొందరికి ఉండిపోయి ఆపరేషన్ దాకా పోతుంది. ఈమె విషయం ఇప్పుడే చెప్పలేను."

ఇప్పుడే చెప్పలేను. ఆ మాట ఆయన చెవిలో పడి అక్కడే ఉండిపోయింది.

తర్వాత సిరీష వ్యాయామం నేర్పింది. మోకాలి కింద తువ్వాలు చుట్టపెట్టి, మోకాలితో దాన్ని కిందికి అదిమి, తొడ బిగించాలి. "మోకాలికి కాస్త పైన, లోపలివైపు కండ అసలు పలకడం లేదు. అది పలికితేనే కాలు నిలబడుతుంది. బిగిస్తున్నప్పుడు ఎవరైనా అక్కడ అరచెయ్యి పెట్టి, బిగువు వచ్చిందో రాలేదో చెప్పాలి. ఒత్తకూడదు, ఉత్తినే ఆనించాలి." రాజేశ్వర్ చెయ్యి ముందుకు కదిలింది. సిరీష లక్ష్మవ్వ వైపు తిరిగింది. "మీరు పెట్టండి పెద్దమ్మా. ఆయన వద్దు."

ఇల్లు చేరాక రాజేశ్వర్ అక్క మీద విరుచుకుపడ్డాడు.

"నీకు ఎరుకే గద? ఒక్క మాట జెప్తే నీ నోరు పడిపోతుండెనా?"

"నన్నెందుకు తిడ్తవ్ రా? చెప్తనంటె నీ పెండ్లామే ఒట్టు పెట్టిచ్చుకున్నది. రోజు గోడవతలికెంచి దాని మూలుగు ఇంటున్న, నా పానం గుంజుకుపొయింది. ఎందుకొద్దన్నదో దాన్నే అడుగు." ఆ మాట అని లక్ష్మవ్వ చరచరా తనింటికి పోయింది.

గంగామణి మంచం మీద కాలు చాపుకుని కూర్చుంది. రాజేశ్వర్ గుమ్మంలోనే నిలబడ్డాడు. కోపమంతా అక్కతోపాటే ఎటో పోయింది, మిగిలింది భయమే.

"నొస్తలేదంటివి," అన్నాడు.

"నొచ్చింది. పానం పొయినంత నొచ్చింది."

"మరెందుకు ఊకున్నవే?"

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "ఊరందరికి మాలిష్ జేసినవ్. నేను నూనె గాపి ఇచ్చిన. నా దిక్కు ఒక్కనాడన్న చెయ్యి చాపినవా? బర్రె తన్నినంక చాపినవ్. వద్దంటె మల్ల తీస్కుంటవని ఊకున్న. ఇంత ఖరాబైతదని నాకేమెరుక, సౌజన్య నాయినా."

పెళ్ళై రుద్రూర్‌లో ఉంటున్న కూతురి పేరు పెట్టే ఆమె ఎప్పుడూ మొగుణ్ణి పిలిచేది. ఆ పిలుపు వినేసరికి రాజేశ్వర్ గుమ్మంలోనే కూలబడ్డాడు. మొహం రెండు చేతుల్లో దాచుకోబోయి, ఆ చేతుల్ని చూసి మళ్ళీ దించేశాడు.

మర్నాడు పొద్దున లక్ష్మవ్వ వచ్చి తువ్వాలు చుట్టింది. "నువ్వొద్దు వదినె," అంది గంగామణి. "ఆయనను పెట్టనియ్యి."

"నాకు శాతగాదు," అన్నాడు రాజేశ్వర్. "నా చెయ్యి ఊకుండదు. మల్ల ఒత్తుతది."

"ఒత్తితె చెప్త. ఈసారి చెప్త."

అరచెయ్యి మోకాలి పైన ఆనించాడు. ఎంతమంది ఒంట్లో ఏ నరం ఎక్కడ పట్టిందో వేలితో వెతికి పట్టుకున్న చెయ్యి అది. ఉత్తినే ఆనించి ఉంచడం దానికి అంతకన్నా కష్టమైంది. గంగామణి ఊపిరి బిగబట్టి మోకాలు అదిమింది.

"వచ్చిందా?"

అరచేతి కింద ఏమీ లేదు. పిండిముద్దలా మెత్తగా ఉంది. వచ్చిందనబోయాడు. నెల రోజులుగా తగ్గుతది, తగ్గుతదన్న నోరు కదా. గొంతు దాకా వచ్చిన మాటను మింగాడు.

"రాలే."

ఆమె కళ్ళెత్తి ఆయన్ని చూసింది. "సరే. మల్ల చేస్త."

రోజూ అదే. పొద్దున అడిగేది, రాలేదనేవాడు. మాపటికి అడిగేది, రాలేదనేవాడు. పిట్లం నుంచి ఎవరో మెడ పట్టిందని వస్తే, "నా చేతులు మంచిగ లేవు, డాక్టర్‌కు చూపిచ్చుకో," అని పంపేశాడు. సిరీష చెప్పిందని తనూ అరుగు పట్టుకుని కూర్చుని లేవడం మొదలుపెట్టాడు, ఈసారి ఆమె పడితే లేపడానికైనా కాళ్ళు నిలబడాలని. మోకాళ్ళు కటకటమనేవి. లోపల పడుకున్న ఆ కణాలు లేచాయో లేదో, ఎవరినడగాలి? ఆమె తొడలో గడ్డ అట్లాగే ఉంది. కళ్ళతో చూసేవాడు గానీ వేలితో ముట్టుకునేవాడు కాదు.

నాట్ల పనులు మొదలయ్యాయి. ఆ యేడు గంగామణి లేకుండానే మడి నాటారు. పొలం నుంచి వచ్చి, బురద కడుక్కుని, రాజేశ్వర్ మంచం పక్కన పీటేసుకుని కూర్చున్నాడు. చెయ్యి ఆనించాడు. ఆమె మోకాలు అదిమింది.

అరచేతి కింద ఏదో కదిలింది.

తన చెయ్యే వణికిందేమో అనుకున్నాడు. "మల్ల చెయ్యి," అన్నాడు. ఆమె మళ్ళీ అదిమింది. చెయ్యి కాదు. మోకాలి పైన, లోపలివైపు, సన్నగా, నిలువునా బిగుసుకుని వదిలింది.

"వచ్చింది," అన్నాడు.

"అబద్ధం."

"నేనెందుకు అబద్ధమాడ్త?"

"నా మనసు నిమ్మలం జేసెతందుకు."

"రాలే అంటె ఇన్నొద్దులు నమ్మినవ్ గదా," అన్నాడు రాజేశ్వర్. "గిదీ నమ్ము."

ఎక్స్‌రే మళ్ళీ తీయాల్సి ఉంది, ఆ ఎముక ఆగిందో లేదో ఎవరికీ తెలియదు. గంగామణి కళ్ళు తుడుచుకుంది. వ్యాయామం అయిపోయింది కదా అని ఆయన చెయ్యి తీయబోతే, మణికట్టు పట్టుకుని ఆపింది.

"జరసేపు ఉండనియ్యి," అంది.