గడప పక్కన సంచి

ఎలీసమ్మ నడుము నర్సింగ్ హోమ్‌లోనే పోయింది. భారీ మనిషి ఒకాయనను మంచం మీద నుంచి లేపబోయి, లేపలేక, ఆయనతో పాటే కూలబడింది. ఆయనకు ఏమీ కాలేదు. అయినా డాక్టర్లందరూ ఆయన చుట్టూ చేరారు. ఈవిడను గోడకు ఆనించి కూర్చోబెట్టి, కాసిని మంచినీళ్ళు ఇచ్చారు.

పదేళ్ళ పైచిలుకు అక్కడ ఆయాగా చేసింది. మారతహళ్ళిలో రింగురోడ్డు వెంట అద్దాల ఆఫీసులు లేవకముందు నుంచీ ఆ వార్డులో పక్కబట్టలు మార్చిన మనిషి. పనిలో దెబ్బ తగిలితే ఈఎస్ఐ ఆసుపత్రిలో చూస్తారని, పనికి రాలేని రోజులకు కూడా ఎంతో కొంత ఇస్తారని ఎవరో చెబితే మేనేజరును అడిగింది. "నువ్వు ఏజెన్సీ మనిషివి కదమ్మా, వాళ్ళనడుగు," అన్నాడాయన. నడుము పట్టుకుని ఏజెన్సీ ఆఫీసుకు వెళితే అక్కడ మొబైల్ ఫోన్ల దుకాణం ఉంది. చట్టాలు లేకపోలేదు. అవి ఎలీసమ్మ లాంటివాళ్ళ ఇల్లు ఎక్కడో కనుక్కోలేవు, అంతే.

భర్త పోయాక ఒంగోలు నుంచి ఈ కన్నడ ఊరికి ఒక్కతే వచ్చింది. పిల్లల్లేరు. వెంకటగిరియప్ప అనే ఆయన ఇంటి వెనక ఒక గదిలో అద్దెకు ఉంటుంది. రెండు వీధుల అవతల, మిద్దె మీద అద్దె హాల్లో నడిచే తెలుగు చర్చే ఆమెకు చుట్టాలూ పక్కాలూ.

ఆ చర్చిలో పిడికెడు బియ్యం ఆనవాయితీ ఉంది. ఎసట్లో బియ్యం పోసేముందు ప్రతి ఇల్లాలూ ఒక పిడికెడు తీసి పక్కన పెట్టాలి. ఆదివారం అవన్నీ ఒక్కచోట పోసి, గుడ్డసంచుల్లో నింపి, లేనివాళ్ళకు పంపాలి. సాఫ్ట్‌వేర్ ఇళ్ళ బాస్మతీ, మేస్త్రీల ఇళ్ళ రేషన్ బియ్యమూ ఆ సంచుల్లో హాయిగా కలిసిపోయేవి. హాల్లో మాత్రం ముందు కుర్చీలు ఒకరివి, వెనక చాపలు ఒకరివి.

సంచులు మోసేది ఎలీసమ్మే. ఎవరికివ్వాలో ఎంచేదీ ఆమే. మొదట్లో ఒకాయన సంచి అందుకుంటూ సిగ్గుతో తల ఎత్తలేకపోవడం చూసి, ఆ రోజంతా అన్నం సయించలేదు ఆమెకు. అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టింది. సంచి గడప పక్కన పెట్టాలి, తలుపు ఒకసారి తట్టాలి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోవాలి. ఎవరికి ఇచ్చిందీ చర్చిలో ఎవరూ అడగకూడదు. పాస్టరుగారు మెచ్చుకుని అలాగే కానిమ్మన్నారు.

ఇప్పుడు ఆ ఎలీసమ్మే మంచం పట్టింది. బియ్యం డబ్బా అడుగు గీరి, అందులోంచి కూడా పిడికెడు తీసి పెట్టింది. ఆ తరవాత ఆ పిడికెడూ వండుకుంది. వండుకుంటూ ఏడ్చింది. రస్కులు టీలో ముంచుకుని రోజులు వెళ్ళదీసింది. మూడు ఆదివారాలు పోయాయి, తలుపు తట్టిన మనిషి లేడు. అందరి ఇళ్ళకూ తనే వెళ్ళేది కాబట్టి, తన ఇల్లు ఎక్కడో ఒక్కరికీ తెలియదు.

నాలుగో ఆదివారం లేచింది. ఆకలి ఒకటి, ఆ సంచుల కోసం ఎదురుచూసే ఇళ్ళు గుర్తొచ్చి ఒకటి. బయట వెంకటగిరియప్ప ఆశ్చర్యపోయాడు.

"ఏమ్మా, నువ్వు ఈడనే ఉండావా? తలుపు మూసి ఉండాది, ఊరికి పోయినావనుకొంటిని."

"ఇక్కడే ఉన్నానయ్యా," అంది.

ఆరాధన అయ్యాక పాస్టరుగారి భార్య ఎవాంజెలిన్ ఎదురొచ్చింది. "వచ్చావా ఎలీసమ్మా, స్తోత్రం. నువ్వు లేకపోతే సంచులు ఎక్కడికి పంపాలో తెలిస్తే కదా. మూలన పడి పురుగు పడుతున్నాయి చూడు."

ఈసారి నాకూ ఒకటి కావాలమ్మగారూ అని దారంతా అనుకుంటూ వచ్చింది. తీరా నోరు తెరిస్తే ఇంకో మాట వచ్చింది.

"కొత్తగా ఒక ఇల్లు చేరిందమ్మగారూ," అంది.

"ఎవరు?" అని, ఆవిడే నాలుక కరుచుకుంది. "చెప్పొద్దులే. మన పద్ధతి కాదుగా. బాగా ఇబ్బందిలో ఉన్నారా?"

"ఒంటరి ఆడమనిషి. ఆయా పని చేసేది. నడుము పోయింది."

"అయ్యో. మన సంఘమేనా?"

"మన సంఘమే. చాపల మీద కూర్చుంటుంది."

ఆవిడ అక్కడికక్కడే కళ్ళు మూసుకుని ఆ మనిషి కోసం ప్రార్థన చేసింది. ఎలీసమ్మ కూడా కళ్ళు మూసుకుని ఆమేన్ అంది. ఆవిడది మంచి మనసే, అందులో అబద్ధం లేదు. కానీ ఆవిడ లెక్కలో ఎలీసమ్మ అంటే ఇచ్చే మనిషి. కళ్ళు తెరిచి ఎదురుగా ఒకసారి సరిగ్గా చూస్తే సరిపోయేది, చూడలేదు.

రెండేసి సంచులు, దారి పొడుగునా దించుకుంటూ ఎత్తుకుంటూ, మధ్యాహ్నమంతా మోసింది. పూలమ్మే ముసలమ్మ ఇంటి దగ్గర తలుపు తట్టి తిరిగిందో లేదో, లోపలి నుంచి ఎప్పటి మాటే వినిపించింది. "ఎవురమ్మా అది? రవ్వంత కూర్చోని పో."

ఎప్పటిలాగే ఎలీసమ్మ ఆగలేదు.

చివరి సంచితో తన గది ముందుకు వచ్చింది. లోపలికి తీసుకుపోవచ్చు. చెయ్యి రాలేదు. సంచి గడప పక్కన పెట్టింది. తలుపు ఒకసారి తట్టింది. వెనక్కి చూడకుండా సందు చివరిదాకా నడిచి, అక్కడి రాతిబండ మీద కాసేపు కూర్చుంది. తరవాత పనిమీద బయటికెళ్ళిన మనిషిలా తిరిగి వచ్చింది.

"ఎవరు పెట్టినారమ్మా ఆ సంచి?" అన్నాడు వెంకటగిరియప్ప.

"తెలీదయ్యా. చర్చి వాళ్ళేమో," అంది, తల ఎత్తకుండా.

పురుగు ఏరి, పిడికెడు తీసి పక్కన పెట్టి, మిగిలింది కడిగి పొయ్యి మీద పెట్టింది. ఉడికాక మూత తీసి చూసింది. సగం గింజలు చితికి ముద్దయ్యాయి. సగం పలుకుగానే ఉన్నాయి. ఇంకాసిని నీళ్ళు పోసి మళ్ళీ పెట్టింది. మెత్తనివి అడుగంటాయి కానీ గట్టివి దిగిరాలేదు. రకరకాల బియ్యం ఒక్క నీటికి ఉడకవు మరి. ఏ రకం బియ్యం ఆ రకంగా వేరుచేసి ఇవ్వడం ఎంత పని? ఇన్నేళ్ళుగా ఆ ఇళ్ళవాళ్ళంతా ఇదే అన్నం తింటున్నారు, ఒక్కరూ చెప్పలేదు.

ముద్ద నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలింది. వాళ్ళు చెప్పడానికి తను ఏ గడప ముందైనా నిలబడితే కదా.