ఊరిన ఆకుల చారు

కొండమీది ఊరికీ సముద్రపొడ్డు ఊరికీ మధ్య పద్దెనిమిదేళ్లుగా బస్సు నడుపుతున్న ఆ డ్రైవరుకి తిండి దగ్గర మొహమాటం లేదు. "ఈ బస్సు డీజిలుతో కాదు, ఈయన పొట్టతో నడుస్తుంది" అని కండక్టరు ఎగతాళి చేసేవాడు. పైన పొగబెట్టిన మాంసం, చిక్కటి జావ. కింద చేపలు, పుల్లటి పులుసులు. పైవాళ్లు కిందివాళ్ల తిండిని వట్టి నీళ్లనేవారు. కిందివాళ్లు పైవాళ్ల తిండిని వట్టి పొగనేవారు. రెండూ లొట్టలేసుకుంటూ తినేవాడు ఈయనొక్కడే. పుట్టింది ఒడ్డున, చేసుకుంది కొండపిల్లని మరి.

ఒకరోజు ఆయన బస్సులో పుస్తకాలు రాసే ఒకావిడ ఎక్కింది. రెండు ప్రాంతాల పాత వంటలూ ఒక పుస్తకంలో పెట్టాలని ఆవిడ తాపత్రయం. పెద్ద హోటళ్లన్నీ తిరిగి విసిగిపోయింది.

"ఎక్కడ తిన్నా ఒకటే రుచండీ. మీరు తినేచోటికి నన్నూ తీసుకెళ్లండి."

ఆ మాటకి డ్రైవరు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. బస్సు కొండెక్కగానే నాలుగు బల్లలున్న అవ్వ కొట్టుకి తీసుకెళ్లాడు. ఆవిడ కలం తీయబోతే అవ్వ లాక్కుంది. "ముందు తిను. రాత చల్లారదు, జావ చల్లారుతుంది." మర్నాడు ఒడ్డున అన్నదమ్ముల చేపల హోటలు. ఉప్పు తక్కువని అన్న, ఎక్కువని తమ్ముడు వాదులాడుకుంటూ ఉండగానే ఆవిడ రెండోసారి పులుసు పోయించుకుంది.

ఒక్కటే దొరకలేదు. కొండవాళ్లు ఆకుల్ని కుండలో ఊరబెట్టి కాచే చారు. వచ్చినవాళ్లు వాసనకి ముక్కు మూసుకుంటున్నారని అవ్వ కూడా మానేసింది.

"మా ఆవిడ చేస్తుంది, ఆదివారం రండి" అనేశాడు డ్రైవరు. వెంటనే నాలుక కరుచుకున్నాడు. ఇంట్లో అమ్మ ఉంది.

భార్య కాపురానికొచ్చిన కొత్తలో ఆ కుండ మూత తీస్తే, "ఏం కంపే తల్లీ!" అంటూ అమ్మ వీధిలోకి పరుగెత్తింది. అది మొదలు అత్తగారు కూతురింటికి వెళ్లినప్పుడే ఆ ఇంట్లో చారు కాగేది. మిగతా రోజుల్లో కుండ అటక మీద గోనెసంచి చాటున ఉండేది.

ఆదివారం అతిథి ఎదుట భార్య కుండ దించింది. మూత తీయగానే వాసన గుప్పుమంది. డ్రైవరు అమ్మ ముఖం చూడలేక కిటికీ వైపు తిరిగాడు.

"ఎన్నాళ్లు ఊరాలమ్మా?" అంది అతిథి.

"ఐదు రోజులండీ" అంది భార్య, వినీవినపడనట్టు.

"ఐదేంటే! ఏడు!" మూలనున్న మంచం మీంచి అత్తగారి గొంతు ఖంగుమంది. "ఐదు రోజులకి వగరు చస్తుందా? మూడోరోజు ఎండలో పెడతావుగా, అది చెప్పవేం?"

భార్య చేతిలో గరిటె ఆగిపోయింది. "మీకెలా తెలుసత్తయ్యా?"

"ఇన్నేళ్లూ నా మంచానికి సరిగ్గా పైన అటక మీద పెట్టి, తెలీదనుకున్నావా? నువ్వు చారు కాచుకుంటావనేగా నెలనెలా కూతురింటికి పోయేది. అక్కడ నాకేం పనే? వచ్చాక గిన్నెలో అడుగున మిగిలింది నేనే తాగేదాన్ని." ముసలావిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. "అప్పుడేదో నోరు జారాను. వెనక్కి తీసుకోవడం చేతకాలేదు."

అత్తగారు లేచొచ్చి పీట వాల్చుకుని కూర్చుంది. "రాసుకోమ్మా, పెద్దక్షరాలతో రాసుకో. ఇది మా కోడలి చారు. ఏ హోటల్లోనూ దొరకదు."

కోడలు తలెత్తింది. ఈసారి గట్టిగానే చెప్పింది. "ఏడు రోజులండీ, కంగారులో ఐదన్నాను. ఆకులు లేతవై ఉండాలి. మా అమ్మ నేర్పింది." చారు కాగాక ముందు గిన్నె అతిథికి కాకుండా అత్తగారికి అందించింది. ఆవిడ గటగటా తాగి, "ఉప్పు కాస్త తక్కువైంది" అంది. ఎంతైనా అత్తగారు కదా.

పుస్తకం వచ్చాక డ్రైవరు దాన్ని స్టీరింగు పక్కన పెట్టుకుని తిరిగాడు. ఎక్కిన ప్రతివాడికీ అత్తాకోడళ్ల ఫొటోతో ఉన్న చారు పేజీ తీసి చూపించాడు. "చారుదేముంది, ఎవరైనా కాస్తారు. మా ఇంట్లో ఆ ఇద్దరాడవాళ్లని చూడండి!" అనేవాడు. ఆ మాట పూర్తయ్యేదాకా, బస్సు ఎంత ఆలస్యమైనా కండక్టరు విజిలు వేసేవాడు కాదు.