వకీలు పడిన మెట్లు

పాతపేటలో అతన్ని అందరూ గొడుగాయన అనేవారు. ఎండైనా వానైనా చేతిలో పసుపుపచ్చ గొడుగు ఉండాల్సిందే. అది తల కాచుకోవడానికి కాదు, వెనక వచ్చే ఇరవై మంది ఇరుకు సందుల్లో తప్పిపోకుండా పైకెత్తి పట్టుకోవడానికి. నడుముకు చిన్న స్పీకరు, చంకలో అట్టల కట్ట. ఆ అట్టల మీద ఒక సీరియల్ బొమ్మలు. పదకొండేళ్లపాటు ఇంటింటా అన్నాలు ఆలస్యం చేసిన ఆ సీరియల్ని సగానికి సగం ఈ పేటలోనే తీశారు. అది అయిపోయి మూడేళ్లు దాటినా, చూసేవాళ్లు మళ్లీ మొదట్నుంచీ చూస్తూనే ఉన్నారు. చూసినవాళ్లు ఆ చోట్లు చూడడానికి వస్తూనే ఉన్నారు.

రోజూ పొద్దున తొమ్మిదిన్నరకు గంటస్తంభం దగ్గర నడక మొదలయ్యేది. మొత్తం పదమూడు చోట్లు, రెండున్నర గంటలు. ప్రతి చోటా అతను ఒక అట్ట పైకెత్తి, "ఇదిగో, ఈ రాయి మీద నిలబడి ఎడమ కన్ను మూయండి, అచ్చం దొరసాని కిటికీయే" అనేవాడు. చెరసాలగా చూపించింది బడి వెనక సామాన్ల కొట్టు. ఓడరేవుగా చూపించింది నీళ్లు కదలని పాత కాలవ. "తెర మీద ఎంత పెద్దగా ఉండేదో!" అని ఎవరో ఒకరు నిట్టూర్చేవారు. "తెర మీదైతే నేనూ కుర్రాణ్ణే అమ్మా" అనేవాడు. అందరూ నవ్వేవారు. ఆ నవ్వు కోసం ఆ మాట కొన్ని వేలసార్లు అని ఉంటాడు.

పదో చోటు మెట్లు. కోటగోడ పక్కనుంచి కిందికి దిగే నలభై రెండు రాతిమెట్లు. వాటి మీదుగానే సీరియల్లో మంచి వకీలును దొరసాని అన్న తోసేస్తాడు. వెన్నెల రాత్రి. వకీలు దొర్లుకుంటూ వచ్చి తొమ్మిదో మెట్టు మీద ఆగిపోతాడు. ఆ మెట్టు మీద జనం పూలు పెట్టేవారు. లేని మనిషికి రోజూ తాజా పూలు. గొడుగాయన అక్కడ గొంతు తగ్గించి, వకీలు ఆఖరి మాటలు చెప్పేవాడు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకునేవారు. ఎనిమిదేళ్లుగా చెబుతున్నా, ఆ మెట్ల దగ్గర ఒక్కనాడూ అతను తలెత్తి గోడ పైకి చూడలేదు.

ఆ గోడ మీదనుంచే అతని తమ్ముడు పడ్డాడు.

గొడుగాయన అప్పట్లో సీరియల్ వాళ్లకు ఇళ్లు, తాళాలు, అనుమతులు చూసిపెట్టేవాడు. తమ్ముడు ఎలక్ట్రీషియను. ఇళ్లల్లో స్విచ్చులు బాగుచేసుకుంటూ తిరిగేవాణ్ణి, "ఎన్నాళ్లురా ఈ ఫ్యూజుల పని, నాతో రా" అని లైట్ల పనిలో చేర్చింది ఇతనే. వకీలు సీను కోసం వెన్నెల కావాల్సి వచ్చింది. వెన్నెలంటే పెద్ద లైటు, దాన్ని గోడ అంచున కట్టాలి. కట్టబోతుండగా అంచు రాయి ఊడింది. తమ్ముడికి అప్పుడు ముప్పై ఒకటి. భార్య, నాలుగేళ్ల కూతురు. నాలుగో రోజున మెట్లు కడిగి, ఇంకో లైటు తెచ్చి, అదే సీను తీశారు.

దినాలు కాకముందే సీరియల్ మేనేజరు ఒక కాగితం పట్టుకొచ్చాడు. 'నడుముకు బెల్టు ఇచ్చినా మృతుడు వద్దన్నాడు' అని ఉంది అందులో. "మీ తమ్ముణ్ణి ఎలాగూ తేలేం. షూటింగ్ ఆగితే డెబ్బై కుటుంబాలు రోడ్డున పడతాయి. ఆలోచించు" అన్నాడు. గొడుగాయన ఆలోచించలేదు. తల దిమ్మెక్కి ఉంది. పెట్టమన్నచోట సంతకం పెట్టాడు. తర్వాత మూడు నెలలకు ఈ నడకల కంపెనీ పెట్టినప్పుడు మేనేజరే పిలిచి గొడుగు చేతికిచ్చాడు. మరదలు పాపను తీసుకుని పుట్టింటి ఊరికి వెళ్లిపోయింది. మొదట్లో రెండుసార్లు ఫోన్ చేశాడు. ఆమె ఎత్తలేదు. ఎత్తనందుకు ఇతనికి లోలోపల ప్రాణం కుదుటపడింది.

ఆరోజు సన్నగా తుంపర. గంటస్తంభం దగ్గర పద్దెనిమిది మందిని లెక్కపెట్టుకుంటుంటే, చివర్లో బూడిదరంగు వానకోటులో ఒకామె, పక్కన పన్నెండేళ్ల పిల్ల. ఆమె కోటు టోపీ వెనక్కి తీసింది. గొడుగాయన లెక్క అక్కడే ఆగిపోయింది. మరదలు. చెంపలు లోపలికి పోయాయిగాని చూపు అదే. పిల్ల కనుబొమలు మాత్రం తమ్ముడివి, రెండూ కలిసిపోయి.

"గైడు గారూ, మొదలుపెట్టండి, తడుస్తున్నాం" అంది మరదలు, ఎవరో ముక్కూమొహం తెలియని మనిషితో అన్నట్టు.

ఆమె అలా అన్నాక తనూ తెలియనట్టే ఉండాలి కాబోలనుకున్నాడు. నడక మొదలైంది. అలవాటైన మాటలు కదా, వాటంతటవే వచ్చాయి. పిల్ల మాత్రం గుంపులో అందరికన్నా ముందుండేది. ఆ సీరియల్ దానికి కొట్టినపిండి.

"అంకుల్, దొరసాని ఉత్తరం చింపింది ఈ గుమ్మంలో కాదు. అది ఎర్ర తలుపు."

"ఇదే అమ్మా. తర్వాత ఇంటివాళ్లు నీలం వేయించుకున్నారు."

"ఓహో! మరి తలుపు మీద సింహం బొమ్మ?"

"అది అట్టది. అతికించారు."

"అన్నీ అట్టవేనా మీ దగ్గర!" అంది పిల్ల. అందరూ గొల్లుమన్నారు. గొడుగాయనకూ నవ్వొచ్చింది. తమ్ముడిదీ ఇదే నోటిదురుసు. ఆ నవ్వు సగంలో ఉండగానే మరదలు తనవైపు చూడడం గమనించాడు. నవ్వు అక్కడే చచ్చింది.

మెట్ల దగ్గరికి వచ్చారు. తుంపరకు రాళ్లు నిగనిగలాడుతున్నాయి. ఎప్పటిలాగే వకీలు కథ ఎత్తుకున్నాడు. గొంతు తగ్గించాల్సిన చోట తగ్గించాడు. ఆఖరి మాటల దగ్గరికి వచ్చేసరికి మాట తడబడింది. గుంపులో ఒకాయన అందుకుని అప్పజెప్పాడు. ఎవరో పూలు పెట్టారు.

"అంకుల్, ఆ వెన్నెల నిజందేనా?" అని అడిగింది పిల్ల.

"కాదమ్మా. లైటు."

"ఎక్కడ పెట్టారు?"

గొడుగాయన తల దించుకునే గొడుగు పైకెత్తి చూపించాడు. "అక్కడ. గోడ అంచున."

"అమ్మో! అంత పైకి ఎవరెక్కారు?"

"ఒక... ఎలక్ట్రీషియను."

"చివర్లో పేర్లు వేస్తారుగా, ఆయన పేరు ఏది? నేను పేర్లన్నీ చదువుతా."

"వెయ్యలేదమ్మా" అన్నాడు. గొడుగు కిందికి దించాడు.

మరదలు గోడ అంచుకేసి చూస్తోంది. చాలాసేపు చూసింది. ఆమె ఆ చోటు చూడడం అదే మొదటిసారని అతనికి అప్పుడు తట్టింది. ప్రమాదం జరిగిన రోజున ఆమెను తిన్నగా ఆసుపత్రికే తీసుకెళ్లారు. మెట్లవైపు ఎవరూ రానివ్వలేదు.

"పద, అందరూ వెళ్లిపోతున్నారు" అంది ఆమె కూతురితో.

నడక అయిపోయే చోట సీరియల్ బొమ్మలు అమ్మే దుకాణం ఉంది. జనం అందులోకి ఎగబడ్డారు, పిల్లా వాళ్లతోనే దూరింది. పక్కనే టీ కొట్టు. మరదలు వెళ్లి బయటి బల్ల మీద కూర్చుంది. గొడుగాయన గొడుగు మూసి, పారిపోదామా వద్దా అన్నట్టు కాసేపు నిలబడి, వెళ్లి ఎదురుగా కూర్చున్నాడు. కొట్టువాడు అడక్కుండానే రెండు టీలు పెట్టిపోయాడు.

"కథలు చెప్పడం మీకు బాగా అబ్బింది బావగారూ" అంది.

"నువ్వొస్తావని అనుకోలేదమ్మా."

"నేనూ అనుకోలేదు. పుట్టినరోజుకి ఏం కావాలే అంటే ఇక్కడికి తీసుకెళ్లమంది. వద్దంటే, ఎందుకు వద్దో చెప్పాలి."

"పాపకి తెలియదా?"

"పనిలో ఉండగా పోయాడని తెలుసు. ఏ పనో, ఎక్కడో చెప్పలేదు. సీరియల్ పక్కింట్లో చూడ్డం మొదలెట్టింది. వద్దని ఎలా చెప్పను? ఆ వకీలు చచ్చిపోతే రెండ్రోజులు అన్నం తినలేదు."

గొడుగాయన గ్లాసు పట్టుకున్నాడుగాని పైకెత్తలేదు. "ఆ కాగితం మీద సంతకం..." అన్నాడు.

"మీదేనని తెలుసు. పరిహారం కోసం నేను పెట్టిన అర్జీ తిప్పికొట్టినప్పుడు నకలు కూడా కలిపి పంపారు. సాక్షి, సొంత అన్న. ఎనిమిదేళ్లుగా బీరువాలో బట్టల కింద ఉంది." ఆమె గొంతు పెరగలేదు. "ఒక్కటే అడుగుతాను. బెల్టు ఇచ్చారా?"

"లేదు."

"ఆయన అడిగారా?"

"అడిగాడు. రెండుసార్లు అడిగాడు."

మరదలు కళ్లు మూసుకుంది. ఎప్పట్నుంచో మోస్తున్న బరువును దించుకున్న మనిషిలా భుజాలు వాలాయి. "ఈ మాట మీ నోటితో వినాలనే వచ్చాను. మొండివాడు, చెప్పినా వినలేదు అని మా వాళ్లు కూడా ఆయన్నే అన్నారు. చాలు."

అక్కడితో ఆగితే సరిపోయేది. ఆమె లేవడానికి చెయ్యి బల్ల మీద ఆనించింది కూడా. కాని ఎనిమిదేళ్లుగా కుదించి పెట్టుకున్నది ఒక మాట బయటికి వచ్చాక ఆగేది కాదు.

"ఇంకోటుందమ్మా" అన్నాడు గొడుగాయన. "బెల్టులున్న బండి కాలవ అవతల ఉంది. రావడానికి గంట పడుతుందన్నారు. మేనేజరు గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు, ఎక్కమని అనలేదు. తమ్ముడు నావైపు చూశాడు. 'ఎక్కాలా అన్నయ్యా?' అన్నాడు. నేనే... 'పది నిమిషాల పనిరా, ఎక్కేయ్' అన్నాను."

దుకాణంలోంచి సీరియల్ పాట వినిపిస్తోంది. టీ మీద మీగడ కట్టింది.

"చెప్పకుండా ఉండాల్సింది మీరు" అంది మరదలు చివరికి. "ఇన్నాళ్లూ ఆ మేనేజర్ని తిట్టుకుని బతికాను. మిమ్మల్ని పిరికివాడనుకున్నాను. అంతవరకు ఓర్చుకున్నాను. ఇప్పుడిది పట్టుకెళ్లి ఎక్కడ పెట్టుకోను?"

గొడుగాయన క్షమించమని అడగబోయి, ఆ మాట మరీ చిన్నదిగా అనిపించి నోరు మూసుకున్నాడు.

పిల్ల పరుగున వచ్చింది. చేతిలో వకీలు బొమ్మ ఉన్న చిన్న అద్దం. "అంకుల్, వకీలు గారిని మీరు దగ్గర్నుంచి చూశారా? మంచాయనేనా నిజంగా?"

"మంచాయనే అమ్మా" అన్నాడు. ఎవరి గురించి చెప్పాడో తనకే తెలియలేదు.

"పాపకి నేను చెప్తాను. మీరు చెప్పకండి" అని మరదలు కోటు టోపీ లాక్కుని, పిల్ల భుజం పట్టుకుని వానలోకి దిగింది. వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ వారంలోనే గొడుగాయన జరిగినదంతా రెండు పేజీల్లో రాశాడు. బెల్టు ఇవ్వలేదని, తమ్ముడు రెండుసార్లు అడిగాడని, ఎక్కమన్నది తానేనని, ముందు పెట్టిన సంతకం అబద్ధమని. కార్మికుల ఆఫీసుకు తీసుకెళ్లాడు. కిటికీ వెనక గుమాస్తా రెండు పేజీలూ ఓపిగ్గా చదివి, "గడువు ఎప్పుడో దాటిపోయిందండీ. ఆ సీరియల్ కంపెనీ కూడా మూసేశారు. ఎవరి మీద వేస్తాం?" అన్నాడు. అయినా మనిషి మంచివాడు, ముద్ర వేసి తీసుకున్నాడు. ఒక నకలు మరదలికి పోస్టులో పంపాడు గొడుగాయన.

సంగతి నడకల ఆఫీసుకు పాకడానికి ఎంతోసేపు పట్టలేదు. ఒకప్పటి ఆ మేనేజరే ఇప్పుడక్కడ యజమాని. "ఎవరడిగారయ్యా నిన్ను? చచ్చినవాడు లేచొస్తాడా? జనం ఇక్కడికి ఏడవడానికి వస్తారా?" అన్నాడు.

"వకీలు కోసం ఏడుస్తున్నారుగా" అన్నాడు గొడుగాయన.

గొడుగు అక్కడే పెట్టేసి వచ్చాడు. తర్వాత మ్యూజియంలో, వచ్చినవాళ్ల సంచులు దాచే గదిలో పని దొరికింది. సంచి తీసుకోవాలి, బిళ్ల ఇవ్వాలి. మాట్లాడాల్సిన పని లేదు. అదే మేలనుకున్నాడు.

నిజం చెబితే మనసు తేలికవుతుందంటారు. అతనికి అవలేదు. ఇదివరకు రాత్రిళ్లు నిద్రైనా పట్టేది.

రెండు నెలలకు ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. కొత్త నంబరు. ఎత్తితే ఊపిరి మాత్రం వినిపించింది.

"నేను" అంది పిల్ల. అంకుల్ అనలేదు. ఇంకే వరసా పెట్టలేదు. "అమ్మ చెప్పింది. మీరు రాసింది కూడా చదివాను. ఒకటి అడగాలి."

"అడుగమ్మా."

"నాన్న భయపడ్డారా?"

లేదని చెప్పొచ్చు. ధైర్యంగా, నవ్వుతూ ఎక్కాడని చెప్పొచ్చు. వకీలు గురించి ఎన్ని చెప్పలేదు, ఎంతమందిని ఏడిపించలేదు! అలాంటి మాటలు అతని నోట్లో వరసగా పేరుకుని ఉన్నాయి.

"భయపడ్డాడమ్మా" అన్నాడు. "చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. చెమట పట్టింది."

"మరి ఎందుకెక్కారు?"

"నేను ఎక్కమన్నానని. నా మాట వాడెప్పుడూ కాదనలేదు."

ఫోన్లో వెనక ఎక్కడో కుళాయి కారుతున్న చప్పుడు. మరదలు ఎవర్నో పిలుస్తున్నట్టు దూరంగా ఒక గొంతు.

"సరే" అంది పిల్ల, చిన్నగా. తర్వాత ఫోన్ పెట్టేసింది.

అతను ఆ నంబరు దాచుకోలేదు, తిరిగి చెయ్యనూ లేదు. చేసే హక్కు ఆ పిల్లకే ఉందనుకున్నాడు. ఆ తర్వాత చాలా ఆదివారాలు మధ్యాహ్నం పూట ఎక్కడికీ కదలకుండా ఇంట్లోనే కూర్చున్నాడు. ఫోన్ మళ్లీ మోగలేదు.