హెల్మెట్ తీసిన ఆదివారం

తమ జట్టు మీద మూడో గోల్ పడగానే కొలెట్ మొగుడు వేడ్ ఎదురుగా ఉన్న చెక్కగోడను బూటుకాలితో తన్నాడు. కొలెట్ ఒళ్ళో పాప ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది.

"మెల్లగా!" అంది కొలెట్.

"ఏం మెల్లగా? చూశావా వాళ్ళ ఆట? కర్రలిచ్చింది మంచు ఊడవడానికనుకుంటున్నారు వెధవలు!"

పైన్ నారోస్‌లో ఆదివారం మధ్యాహ్నం ఊరంతా మంచుగడ్డ మీద హాకీ ఆడే రింకులోనే ఉంటుంది. కళ్ళు మంచు మీద, చెవి రేడియో మీద. పైవరస వెనక చెక్కగదిలో కూర్చుని గార్నెట్ ముప్ఫై ఏళ్ళుగా ఆటను రేడియోలో చెబుతున్నాడు. పేర్లు తప్పు చదువుతాడు, గెలిస్తే తన గొప్ప, ఓడితే ఆటగాళ్ళ తప్పు. అతణ్ణి తిట్టుకోవడానికైనా అందరూ అతణ్ణే వింటారు. రేడియో కొలెట్ కోటు జేబులో ఉంది. ఒక తీగ ఆమె చెవిలో, ఒక తీగ మొగుడి చెవిలో.

ఈ మూడు వారాలుగా గార్నెట్‌కి ఒక్కడే దొరికాడు. అయిదో నంబరు రెమీ, కొలెట్ తమ్ముడు.

"అదిగో రెమీ," అంటున్నాడు గార్నెట్, "మేలిముసుగు వేసుకున్న పెళ్ళికూతురు! పక్కవాణ్ణి తంతుంటే తల తిప్పుకుని పోతున్నాడు చూడండి."

మేలిముసుగంటే రెమీ హెల్మెట్‌కున్న అద్దం. పోయిన ఏడాది కర్ర తగిలి ఎడమ కన్ను సగం దెబ్బతింది. ఆ అద్దం కొలెట్ కొని, తన చేత్తో స్క్రూలు బిగించింది. అద్దం ఉన్నవాడు తన్నులాటకు దిగాలంటే ముందు హెల్మెట్ తీసి కింద పెట్టాలి. ఎదుటివాడి పిడికిలి అద్దానికి తగిలి విరగకూడదు. అది అక్కడి మర్యాద. రాసిపెట్టిన నియమం కాదు గానీ, దాన్ని తప్పినవాడు ఆ ఊళ్ళో తలెత్తుకు తిరగలేడు. అందుకే రెమీ తన్నులాట జోలికే పోడు.

రెండో విరామంలో కొలెట్ పాపను చంకనేసుకుని ఆటగాళ్ళ గది గుమ్మం దగ్గరికి వెళ్ళింది.

"ఆ ముసలాడి వాగుడు పట్టించుకోకురా."

"మా గదిలోనూ రేడియో ఉందక్కా," అన్నాడు రెమీ. "ఎవడూ కట్టెయ్యడు. వింటారు, నా మొహం చూస్తారు, మళ్ళీ బూట్ల తాళ్ళు కట్టుకుంటారు."

"ఇంకో దెబ్బ తగిలితే ఆ కన్ను పోతుందని డాక్టరు అన్నది మర్చిపోయావా?"

"లేదు. నువ్వు వెళ్ళు. పాపకి ఇక్కడ చలి."

వాడు ఆమె కళ్ళలోకి చూడలేదు.

మూడో భాగం మొదలైన కాసేపటికే అవతలి జట్టు డర్క్ అనే ఎద్దులాంటివాడు మన కుర్రాడొకణ్ణి వెనకనుంచి గోడకేసి గుద్దాడు. ముక్కు పగిలి నెత్తురు మంచు మీద చారలు కట్టింది. రిఫరీ ఈల వెయ్యలేదు. జనం లేచారు.

"రెమీ! రెమీ! రెమీ!"

"వెళ్ళరా!" వేడ్ కూడా లేచి అరుస్తున్నాడు. "పళ్ళు రాలగొట్టరా వాడివి!"

"నువ్వు కూడానా?" కొలెట్ అతని చొక్కా పట్టి లాగింది. విదిలించుకున్నాడు.

"ఎవడొస్తాడు?" చెవిలో గార్నెట్ నవ్వు. "రెమీనా? పెళ్ళికూతురు ముసుగు తియ్యదండీ!"

రెమీ ఆగాడు. చేతితొడుగులు విసిరేశాడు. గడ్డం కింద పట్టీ విప్పి, హెల్మెట్ తీసి, పారెయ్యకుండా వంగి మంచు మీద పెట్టాడు. రింకు దద్దరిల్లింది. కొలెట్ అరిచిన అరుపు ఆమెకే వినబడలేదు.

రెమీ మొదటి దెబ్బ డర్క్ పెదవి చీల్చింది. రెండోది చెంప మీద పడింది. డర్క్ ఎడమచేత్తో అతని చొక్కా గుంజి పట్టుకుని కుడిచేత్తో మూడుసార్లు గుద్దాడు. మూడో గుద్దుకి చొక్కా పట్టు జారింది. రెమీ వెల్లకిలా పడ్డాడు. తల మంచుకి తగిలిన చప్పుడు పైవరస దాకా వినబడింది.

"అదీ! ఇప్పుడయ్యాడు మగా..." గార్నెట్ గొంతు ఆగిపోయింది.

రెమీ చెవిలోంచి నెత్తురు కారుతోంది. కాళ్ళు వాటంతటవే కొట్టుకుంటున్నాయి.

వేడ్ చెవిలో తీగ పీకేసి పరిగెత్తాడు. కొలెట్‌కి ప్రాణం లేచొచ్చింది. ఊరి అంబులెన్స్ నడిపేది అతనే. ఆట రోజు బండి వెనక గేటు దగ్గరే ఉంటుంది, తాళం అతని జేబులో ఉంటుంది. పాపను పక్కింటి ఇల్సా చేతుల్లో పెట్టి, గోడ దాటి, మోకాళ్ళ మీద జారుతూ తమ్ముడి దగ్గరికి చేరింది.

"మెడ కదపకు," అన్నాడు జట్టు వైద్యుడు. "వేడ్ ఏడీ? బండి తెమ్మను, త్వరగా!"

అప్పుడు వినబడింది ఆమె చెవిలో. తలుపు విరిగింది. కుర్చీ పడింది. మెత్తటి దాని మీద పిడికిలి పడుతున్న చప్పుడు.

"చెప్పరా! ఎవడ్రా పెళ్ళికూతురు? చెప్పు!"

వేడ్ గొంతు. చుట్టూ మగవాళ్ళ కేకలు. "ఇంకోటి ఇయ్యి! నోటి మీద ఇయ్యి!" గార్నెట్ ఏదో అంటున్నాడు, మాట నెత్తుట్లో మునిగిపోతోంది. ఊరంతా వింటోంది, ఇళ్ళల్లో ఉన్నవాళ్ళు కూడా.

కొలెట్ లేచింది. మెట్లన్నీ ఎలా ఎక్కిందో తెలియదు. చెక్కగది ముందు ఇరవైమంది అడ్డం నిలబడి ఉన్నారు.

"నువ్వెందుకమ్మా ఇక్కడికి? మేం చూసుకుంటాంగా."

ఒకడి చెయ్యి కొరికింది. ఇంకొకణ్ణి మోకాలితో పొడిచింది. లోపల వేడ్ ముసలాణ్ణి బల్లకేసి అదిమిపెట్టి కొడుతూనే ఉన్నాడు. గార్నెట్ మొహంలో మొహం మిగల్లేదు. బల్ల మీదున్న ఇనప ఫ్లాస్కు తీసుకుని కొలెట్ మొగుడి నెత్తిన బలమంతా పెట్టి కొట్టింది. కాఫీ, నెత్తురు కలిసి అతని కాలర్‌లోకి కారాయి.

"తాళం నీ జేబులో ఉందిరా! వాడు కింద చచ్చిపోతున్నాడు, తాళం నీ జేబులో ఉంది!"

వేడ్ ఆమె వైపు చూశాడు. అర్థమవడానికి రెండు క్షణాలు పట్టింది. జేబులోకి చెయ్యి పోనివ్వబోయాడు. వేళ్ళు వంగలేదు, చెయ్యి విరిగింది. ఆమే జేబులో చెయ్యి పెట్టి తాళం లాక్కుంది.

గుమ్మంలో జనం కదల్లేదు. బల్ల మీద పడి ఉన్న గార్నెట్ మైకు వైపు పాకి, విరిగిన పళ్ళలోంచి అన్నాడు:

"దారి... దారి వదలండి. ఆ పిల్లకి దారి..."

మూడు వారాలుగా అతను చెప్పినట్టే రెమీని తిట్టిన జనం, ఇప్పుడూ అతను చెప్పినట్టే పక్కకు తప్పుకున్నారు.

బండి కొలెట్ నడిపింది. ఆసుపత్రి నలభై కిలోమీటర్లు. మంచు కట్టిన రోడ్డు, ఎదురుగా కలప లారీలు. వెనక వైద్యుడి పక్కన వేడ్ ఉన్నాడు.

"ఊపిరి ఉందా?" ప్రతి మలుపులోనూ అరిచింది.

"ఉంది."

"ఉందా?"

"ఉంది. నడుపు!"

రెండు గంటల తర్వాత డాక్టరు బయటికొచ్చాడు. తలలో గడ్డకట్టిన నెత్తురు తీశారు, బతుకుతాడు. ఎడమ కన్ను మాత్రం పోయింది.

వేడ్ గోడకి ఆనుకుని ఏడ్చాడు. ఉబ్బిపోయిన చెయ్యి ఆమె వైపు చాపాడు. "వాడి కోసమే కదే కొట్టాను..."

కొలెట్ ఆ చెయ్యి అందుకోలేదు. పాపకు పాలిచ్చే వేళ ఎప్పుడో దాటింది. రొమ్ములు రాళ్ళయి చొక్కా ముందంతా తడిసి ఉంది. కోటు బొత్తాలు పెట్టుకుంది.

"పాప దగ్గరికి వెళ్తున్నా," అంది. "నువ్వు ఇక్కడే ఉండు, వాడు లేచేసరికి ఒకరుండాలి. పోలీసులు కూడా ఇక్కడికే వస్తారు."

"వాళ్ళకెవరు చెప్పారు? మనూళ్ళో ఎవడూ నోరు తెరవడు."

"నేనే చేశాను ఫోను," అంది కొలెట్.