శారదమ్మ పెరుగుకు మార్కులు

సికింద్రాబాద్ స్టేషను ఎదుటి సందులో సుబ్బరాజు భోజన హోటలు ఉంది. దానికి పెరుగు పోసేది మెట్టుగూడ శారదమ్మ. రోజూ గేదెపాలు కాచి, అత్తగారి నాటి నుంచి తెగకుండా వస్తున్న తోడు పెరుగు వేసి, పొద్దున్నే ఆటోలో క్యాన్లు తానే తెచ్చేది. ఎండాకాలం ఏ క్యానైనా పులిస్తే దాచిపెట్టడం ఆమెకు చేతకాదు. మూత తీసి వంటమాస్టరు తిరుమల్‌కి చూపించేది.

"ఇది వడ్డించకు తమ్మీ, పులిసింది. పంక్తి లేచే లోపల ఇంకోటి తెస్త."

తెచ్చేది కూడా.

అంతకుముందు ఆమెకు రైల్వే క్వార్టర్ల నిండా వాడుక ఇళ్ళుండేవి. సుబ్బరాజే ఓ రోజు, "మాకు చాలటం లేదు శారదమ్మా. ఆ ఇళ్ళు మానేసి మొత్తం మాకే పోసెయ్. నేనుండగా నీకేంటి?" అన్నాడు. ఆమె గుమ్మం గుమ్మం ఎక్కి చెప్పుకుంది. మూలింటి నాంచారమ్మ ఖాళీ గిన్నె పట్టుకుని గేటు దాకా వచ్చింది. "మమ్ముల మరుస్తవా ఏందే?" అంది. శారదమ్మ ఆటో మలుపు తిరిగేదాకా ఆ గిన్నె వంకే చూసింది.

ఈమధ్య సుబ్బరాజు కూతురు సింధూర హోటలు పని అందుకుంది. బియ్యం దగ్గర్నుంచి అరిటాకుల దాకా సరుకు తెచ్చే ప్రతివాళ్ళకీ మార్కులు వేస్తోంది. తక్కువొచ్చిన వాళ్ళను మాన్పించేస్తారని తిరుమల్ ముందే చెవిన వేశాడు.

"నా పెరుగుకేంది తమ్మీ? తిన్నోళ్ళే చెప్తరు" అని నవ్వింది శారదమ్మ. కానీ పిలుపు వచ్చిన రోజు ఉతికిన చీర కట్టుకునే వెళ్ళింది.

"కూర్చోండి ఆంటీ. అందరికన్నా మీకే తక్కువొచ్చాయి" అంది సింధూర. గొంతులో కోపం లేదు. శారదమ్మకు దానికే భయమేసింది.

"ఎట్ల బిడ్డా?"

"పులిసింది, మార్చింది. మళ్ళీ పులిసింది, మళ్ళీ మార్చింది. అన్నీ కంప్లైంట్లే. బోయిన్‌పల్లి డెయిరీ వాళ్ళు మజ్జిగకి పోస్తున్నారు చూడండి, ఒక్క కంప్లైంటూ లేదు."

"అవి నేను చెప్పినయే గదమ్మా! నేను చెప్పకుంటే ఎవ్వరికి ఎరుక?"

"ఎవరు చెప్పినా పులిసినట్టేగా ఆంటీ."

సుబ్బరాజు వక్కపొడి నములుతూ, "ఆ రెండోది కూడా చెప్పమ్మాయ్" అన్నాడు.

"మీకు మేం తప్ప వేరే గిరాకీ లేదు. ఒక్క హోటలు మీదే బతికేవాళ్ళు ఎప్పుడు చేతులెత్తేస్తారో తెలీదు. అందుకు సున్నా."

శారదమ్మ సుబ్బరాజు వైపు తిరిగింది. "సారూ, మీరే గద అందర్ని ఇడిసిపెట్టమన్నది?"

"అన్నాను. కాదన్నానా? నువ్వే తెలివిగా నాలుగిళ్ళు అట్టే పెట్టుకోవాల్సింది."

సింధూర కుర్చీ ముందుకు జరిపింది.

"ఇంకా ఏదీ ఖాయం కాలేదు ఆంటీ. నిన్న మీ క్యాన్లోంచి గిన్నెడు పెరుగు తీసి డెయిరీకి తోడుకి పంపాం. ఇవాళ తోడుకుంది. మీ రుచి రాలేదంటే వాళ్ళని వద్దంటాను. చెప్పాల్సింది మీరే."

"నన్నడగకుంటనే పంపిన్రా?"

"మాకు పోసేశాక మాదేగా" అన్నాడు సుబ్బరాజు. "తిరుమల్! శారదమ్మకి ఆకెయ్. భోంచెయ్యకుండా పంపుతావా ఏంటి?"

ఆకు పడింది. తిరుమల్ తలెత్తకుండా అన్నం పెట్టి, దాని మీద డెయిరీ పెరుగు వేశాడు. ముద్ద నోట్లో పెట్టుకునే లోపల శారదమ్మ 'రుచి రాలేదు' అనే మాట సిద్ధం చేసుకుంది. రాలేదు. ఒక్క మాట. రాలేదంటే రేపు మళ్ళీ పాలు కాచుకోవచ్చు.

నమిలింది. అదే గట్టిదనం, అదే కమ్మదనం. మింగాక నాలుక చివర నిలిచే ఆ చిన్న పులుపు కూడా అదే. అత్తగారు పోతూ పోతూ, చల్లబడుతున్న చేత్తో చూపించిన గిన్నెలోని రుచి. నోరు తెరిచింది. రెండుసార్లు తెరిచింది.

"అదే" అంది.

"తేడా ఏం లేదా?"

"లేదు. నాదే."

సింధూర డెయిరీకి మార్కులు వేసుకుంది. సుబ్బరాజు కూతురి వంక చూసి మురిసిపోతూ నవ్వాడు. "నే చెప్పలా? వేరేవాళ్ళని అడగక్కర్లేదు, శారదమ్మ అబద్ధమాడదని."

ఇద్దరూ లేచి గల్లా దగ్గరికి వెళ్ళిపోయారు. పెరట్లో ఎవరో ఆమె ఖాళీ క్యాన్లన్నీ ఒకదాని మీద ఒకటి పేరుస్తున్న చప్పుడు వినిపించింది. ఆకులో అన్నం ఇంకా ఉంది. ఆ పెరుగును పారేయడానికి ఆమెకు చేతులు రాలేదు. తలవంచుకుని ముద్ద తర్వాత ముద్ద తింటూ కూర్చుంది.

"ఇంకొంచెం వెయ్యనా అక్కా?" అన్నాడు తిరుమల్, గరిటె పట్టుకుని.