గడువు పెట్టినవాళ్ళ స్టూలు

రోగిని చూడ్డానికి వెళ్ళి, గుమ్మం దగ్గరే గొంతు తగ్గించి "ఇంకెన్నాళ్ళంట?" అని అడుగుతావే, నిన్నే అంటున్నాను. నువ్వు గొంతు తగ్గిస్తే రోగికి చెవుడొస్తుందా? ఆ నోటికి తాళం వేసుకుని ఇది విను.

ఆడవాళ్ళ వార్డులో పొద్దున్నే ఆయమ్మ నేల తుడిచేది, నర్సు జ్వరాలు చూసేది, ఆ తర్వాత చూడవచ్చినవాళ్ళు దిగేవారు. కిటికీ పక్క మంచం దగ్గర వాళ్ళకో ఇనప స్టూలు ఉండేది. దాని మీద కూర్చుని రోగికి ఎవరు గడువు పెట్టినా, ఆ గడువు తీరేదాకా వాళ్ళను లేవనిచ్చేది కాదు. "వారం" అన్న ఒక బాబాయి వారం కూర్చున్నాడు. ఆయమ్మ ఆయన్ని కాళ్ళెత్తమని కింద తుడిచేది.

ఆ మంచం మీదికి ఒక టైలరమ్మ వచ్చింది. రొమ్ము క్యాన్సర్. గడ్డ తీశాక డాక్టరమ్మ నిలబడే చెప్పింది.

"చంకలోని గ్రంథులు కూడా తీసి పరీక్షించాం. కొన్నింటికి పాకింది. గట్టి మందే ఎక్కించాలి."

"బతుకుతుందాండీ?" అన్నాడు మొగుడు. బస్సు కండక్టరతను.

"మందు వాడితే ఇలాంటివాళ్ళు వందమందిలో చాలామంది బాగుంటారు. మానేస్తే ఆ చాలామంది తగ్గిపోతారు. ఆ వందలో ఈవిడ ఎవరో మాత్రం నేను చెప్పలేను."

డాక్టరు చెప్పలేనిది ఆడపడుచు చెప్పింది. ఆవిడ ఊఁ అనందే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. వస్తూనే స్టూలు మీద చతికిలబడింది.

"చంకలోకి పాకాక ఇంకేముంది తమ్ముడూ! ఏడాది తిరగదు. ఉన్న జుట్టు ఊడగొట్టించడం దేనికి? ఇంటికి తీసుకుపోదాం, పద."

లేవబోయింది. స్టూలు వదల్లేదు.

"ఏడాదన్నారా? చూసుకుని అనొద్దూ!" అంది ఆయమ్మ.

"అయితే నెల! నెల కూడా బతకదు!"

"ఇప్పుడు పదమూడు నెలలు. ఆ స్టూలు గడువులు కూడుతుందమ్మా. ఇక నోరు మూసుకోండి."

టైలరమ్మ కుట్లు పట్టుకుని నవ్వింది. "నువ్వు లేవడానికి నన్ను లేపేస్తావా వదినా?"

కండక్టరు అక్కను చూశాడు, పెళ్ళాన్ని చూశాడు. "డాక్టరమ్మగారూ, మందు మొదలుపెట్టండి."

"ఒరేయ్! నన్నడగవా?"

"నువ్వు కూర్చో అక్కా."

మందు ఎక్కించుకోవడానికి వచ్చినప్పుడల్లా టైలరమ్మ వదినకు క్యారేజీలో అన్నం తెచ్చేది. జుట్టంతా ఊడింది. నీరసంతో గోడ పట్టుకుని నడిచింది. అయినా క్యారేజీ మానలేదు. "పోతుందన్న మనిషి తెచ్చిన కూర, ఉప్పు సరిపోయిందా?" అని ఆయమ్మ అడిగితే, ఆడపడుచు కిటికీ వైపు తిరిగి నమిలేది.

ఈలోగా ఆవిడ కూతురికి సంబంధం కుదిరింది. మగపెళ్ళివారు ఆగేది లేదన్నారు. "పెళ్ళి ఈ వార్డులోనే చేయండి!" అని ఆడపడుచు పట్టుబట్టింది. డాక్టరమ్మ ఒప్పుకోలేదు.

గడువు తీరాక లేచి ఇంటికెళ్ళి, కన్నకూతురి పెళ్ళిని ఆవిడ ఫోటోల్లో చూసింది. తల్లి ఉండాల్సిన చోట, నెత్తికి రుమాలు కట్టుకుని, ఏడాది తిరగదన్న మనిషి పెళ్ళికూతురి భుజం మీద చెయ్యేసి నిలబడి ఉంది.